ఆరో తరగతి సంగతి ఇంటికి ఎవరు చెప్పాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

మిర్యాలగూడ పక్కన ఒక మండల కేంద్రంలో, హైస్కూలు గేటుకు ఎదురుగా నాకు జిరాక్సు దుకాణం ఉంది. పద్నాలుగేళ్లుగా ఇదే బతుకుదెరువు. రెండు మిషన్లు, ఒక కలర్ ప్రింటరు, గోడకు వేలాడే చార్టులు, అద్దాల కౌంటర్లో పెన్నులు, జామెట్రీ బాక్సులు. ఊళ్లో ఏ తరగతికి ఏ రోజు ఏం హోంవర్కు ఇచ్చారో పిల్లల అమ్మానాన్నల కంటే ముందు నాకే తెలుస్తుంది. బడి విడిచిన పది నిమిషాలకు ఐదారుగురు వరసగా వచ్చి "అంకుల్, ఇండియా మ్యాపు" అన్నారంటే సోషల్ మేడం ఏం చెప్పారో ఇక అడగక్కర్లేదు.

ఇన్నేళ్లూ అది నాకు గిరాకీ. ఈ జూన్ 12న మా చిన్నమ్మాయి అదే గేటులోంచి ఆరో తరగతిలోకి వెళ్లింది. అప్పటి నుంచి అది నాకు టెన్షన్.

నవంబరు వచ్చిందంటే మీ జిల్లా పేజీలో పదో తరగతి ప్రత్యేక తరగతుల వార్తలు మొదలవుతాయి. పొద్దున ఎన్నింటికి రావాలి, సాయంత్రం అల్పాహారం ఎవరు పెడుతున్నారు, పోయినేడు ఉత్తీర్ణత ఎంత. అవన్నీ రావాల్సిందే. కౌంటరు వెనక నుంచి చూసిన నాకు మాత్రం పదిలో తప్పిన పిల్లల్లో చాలామంది ఆరులోనే వెనకబడి ఉంటారనిపిస్తుంది. ఆరో తరగతి గురించి ఒక్క వార్త చదివిన గుర్తు నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

మా వాడలో ప్రాథమిక బడి ఉంది. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. మూడో తరగతి నుంచి మా పాపకు ఒకే టీచరమ్మ తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ చెప్పింది. ఏ పిల్ల ఇంట్లో ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు. ఒకసారి మా అమ్మ కాలు విరిగి నల్గొండ ఆస్పత్రిలో ఉంటే, ఆ వారమంతా మా పాపను హోంవర్కు అడగలేదు. అడగలేదని మేం కూడా తర్వాతెప్పుడో తెలుసుకున్నాం.

హైస్కూల్లో ఆరుగురు. పరిసరాల విజ్ఞానం సైన్సు, సోషల్‌గా విడిపోయింది. హిందీ కొత్తగా వచ్చి చేరింది. నాలుగు సబ్జెక్టులు ఆరయ్యాయి. గంట కొడితే సారు మారతారు. వచ్చే ప్రతివారూ మంచివారే, కానీ ఎవరికీ మా పాప పేరు తెలియదు. సెక్షన్లో 50 మంది ఉన్నారు మరి. మొదటి పది రోజులు మా పాప అన్ని పుస్తకాలూ మోసుకెళ్లింది. "టైంటేబులు చూసుకుని సర్దుకోవాలి కదమ్మా" అంటే "టైంటేబులంటే ఏంటి డాడీ?" అంది. ఐదేళ్లలో ఆ మాట అవసరమే రాలేదు దానికి. బోర్డు మీద రాశారట, చివరి వరసలో కూర్చున్న దీనికి కనపడలేదట. ఆ సాయంత్రం బ్యాగు తీసుకెళ్లి పక్క కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. 6.8 కిలోలు. కొట్టాయన నవ్వి "దాన్ని కూడా కూర్చోబెట్టు" అన్నాడు. పిల్ల 29 కిలోలు.

ఇక్కడ నా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. విద్యాశాఖ కాగితాలన్నీ నా మిషన్ మీదుగానే వెళ్తాయి. సార్లు ఫోన్లో వచ్చిన పీడీఎఫ్ పంపి "రెండు కాపీలు తీయి" అంటారు. కాగితం బయటికి వచ్చేలోపు నాలుగు ముక్కలు కళ్లబడతాయి. అలా చూసిందే 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ. పిల్లల బరువులో పదో వంతుకు మించి బ్యాగు ఉండకూడదని అందులో ఉంది. ఆరు, ఏడు తరగతులకైతే 2 నుంచి 3 కిలోలు. అందులోనే హోంవర్కు లెక్క కూడా ఉంది. రెండో తరగతి దాకా అసలు ఇవ్వకూడదు. మూడు నుంచి ఐదు దాకా వారానికి 2 గంటలు మించకూడదు. ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు 1 గంట.

దీన్ని పిల్ల వైపు నుంచి చూడండి. నిన్నటిదాకా వారం మొత్తానికి రెండు గంటలు, వేసవి సెలవుల తర్వాత రోజుకో గంట. ఒక్కసారిగా మూడింతలు! అంతా నియమం ప్రకారం జరిగితేనే ఇంత మార్పు. విద్యాహక్కు చట్టం కూడా ఈ తేడా ఒప్పుకుంటుంది. 2009లో చేసిన ఆ చట్టంలో ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని రాశారు. ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు, 1000 గంటలు. అంటే ఢిల్లీలో కూర్చుని చట్టం రాసినవాళ్లకు తెలుసు, స్టాఫ్‌రూములో ఉన్నవాళ్లకు తెలుసు, జిరాక్సు తీసిన నాకూ తెలిసింది. తెలియందల్లా ఇంటి దగ్గర పిల్లను చదివించాల్సినవాళ్లకే. ఇన్నేళ్లలో ఇంటికి పంపడానికి, తల్లిదండ్రుల కోసమని, ఆరో తరగతి గురించి ఒక్క కాగితం నా దగ్గర జిరాక్సు తీయించిన బడి లేదు. ప్రభుత్వ బడి లేదు, ప్రైవేటు బడీ లేదు.

జూలైలో రెండు వారాలు బిల్లు బుక్కు వెనక నేనొక లెక్క రాసుకున్నాను. పాప ఎన్నింటికి కూర్చుంది, ఎన్నింటికి లేచింది, ఎవరెవరు ఇచ్చారు. మొత్తం 12 బడి రోజులు. గంటలోపు అయిపోయినవి 4. రెండు గంటలు దాటినవి 5. రెండు రోజులు ఆ మధ్యలో. ఒక రోజు అసలేమీ లేదు. ఒక గురువారం ఐదుగురు ఇచ్చారు. లెక్కల్లో ఒక అభ్యాసం మొత్తం, హిందీ వర్ణమాల పదిసార్లు, ఇంగ్లిష్ మీనింగులు, సోషల్లో పటం, పైగా సైన్సు నోట్సు "కంప్లీట్" చేయాలి. ఆరున్నరకు కూర్చున్న పిల్ల పదింపావుకు లేచింది. అన్నం మధ్యలో తింది, అదీ మా ఆవిడ ముద్దలు కలిపి పెడితే. ఇక శుక్రవారం ఖాళీ! ఐదుగురిలో ఒక్కరు కూడా తప్పు చేయలేదు. ఎవరి మటుకు వారు ఇచ్చింది అరగంట, ముప్పావుగంట పనే. మిగతా నలుగురు ఏమిచ్చారో వాళ్లలో ఎవరికీ తెలియదు, అంతే.

పిల్లకు సాయం చేద్దామని కూర్చుంటే నా బండారం బయటపడింది. నేను పది దాకా తెలుగు మీడియం. మన ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం పెట్టారు. మా పాప అప్పుడు మూడో తరగతి. లెక్కల పుస్తకంలో 'ఇంటిజర్స్' దగ్గర ఆగి అడిగింది. "పూర్ణాంకాలమ్మా, సున్నా నుంచి మొదలవుతాయి" అని గట్టిగా చెప్పాను. మైనస్ మూడు రాస్తే అది నేనే కొట్టేయించాను. మర్నాడు సారు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. పూర్ణాంకాలంటే హోల్ నంబర్స్ అట. ఇంటిజర్స్ అంటే పూర్ణసంఖ్యలు, వాటిలో మైనస్‌లూ ఉంటాయి. ఆ రెండు తెలుగు మాటలూ పక్కపక్కన పెడితే నాకే ఇప్పటికీ తికమక. పాప ఇంటికొచ్చి ఏమీ అనలేదు. నోట్సు నా ముందు తెరిచిపెట్టి వెళ్లిపోయింది. అనుంటేనే బాగుండేది.

ఆ రాత్రి నేనూ ఊరుకోలేదు. వేరే లెక్క దగ్గర "ఇంత కూడా రాదా, ఐదేళ్లు ఏం చదివావ్?" అన్నాను. మంచం మీద పడుకున్న మా అమ్మ అక్కడి నుంచే అందుకుంది. "వీడా దాన్ని అనేది? వీడు ఆరులో నెల రోజులు బడికని పోయి మామిడితోపులో పండుకున్నోడు" అంది. పాప నవ్వింది, నా పరువు పోయింది. కానీ పడుకున్నాక గుర్తుకొచ్చింది. ఎందుకు పడుకున్నానంటే హిందీ సారు బెత్తానికి భయపడి. ఆ భయం ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు నేను.

మాకు దారి చూపించింది మా ఆవిడ. ఆమె చదివింది ఏడు. పాఠం చెప్పడం ఆమెకు రాదు, అందుకని వినడం మొదలుపెట్టింది. రాత్రి బియ్యంలో రాళ్లు ఏరుతూ "ఇవాళ సైన్సులో ఏం జరిగిందో నాకు చెప్పు" అంటుంది. పాప చెప్తుంది. మధ్యలో ఈమెకు అర్థం కాకపోతే "నాకు తెలుస్తలేదు, మళ్లీ చెప్పు" అంటుంది. రెండోసారీ తెలియలేదంటే పాపకూ తెలియలేదన్నమాట. అప్పుడు పుస్తకం తీస్తారు. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లిష్, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ద్విభాషా పుస్తకాలంటారు వీటిని. మా ఆవిడ తెలుగు పేజీ చదువుతుంది, పాప ఇంగ్లిష్ పేజీలో అదే మాట ఎక్కడుందో వెతుకుతుంది. ఇన్ని పుస్తకాలకు అట్టలు వేసి అమ్మిన నేను, ఆ తెలుగు పేజీ నాలాంటివాళ్లకు కూడా పనికొస్తుందని ఆలోచించనే లేదు. మా దుకాణానికి వచ్చే తల్లుల్లో చాలామంది "ఇంగ్లిష్ పుస్తకం మాకేం తెలుస్తది" అని దాన్ని తెరవడమే లేదు. ఈ ఒక్క ముక్క జూన్‌లో ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది!

హిందీకి మాత్రం పక్క టైలరు భాయ్ దగ్గరికి పంపాల్సి వచ్చింది. అక్కడా ఒక తమాషా. ఆయనకు మాట వచ్చు, ఉర్దూ చదవడం వచ్చు, హిందీ అక్షరాలు రావు. పాపకు అక్షరాలు వచ్చు, మాట రాదు. ఇది కూడబలుక్కుని పైకి చదువుతుంది, ఆయన మిషన్ తొక్కుతూనే అర్థం చెప్తాడు. ఇద్దరూ కలిస్తే ఒక హిందీ పండిట్. ఆయనే ఈ మధ్య "రేపు నాక్కూడా క, ఖ రాసివ్వు" అన్నాడట.

ఇక ప్రాజెక్టులు. దీని గురించి నేను మాట్లాడటం కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే, అయినా చెప్తాను. పాఠాలు నడుస్తుండగానే ఏడాదికి నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు పెడతారు, ఎఫ్‌ఏ అంటారు. సబ్జెక్టుకో ప్రాజెక్టు. ఆరు సబ్జెక్టులు. నాలుగార్లు 24. ఎఫ్‌ఏ వారంలో రాత్రి తొమ్మిదిన్నర దాకా షట్టర్ దించలేను. మిల్లు దుస్తుల్లో, తల మీద ఊక దుమ్ముతోనే తండ్రులు వచ్చి నిలబడతారు. "సారూ, ఏదో గ్రహాలట, రేపు పొద్దున్నే కావాలట." నేను నెట్లో బొమ్మలు తీసి, కలర్ ప్రింటు కొట్టి, థర్మాకోల్ షీటు, గమ్ము కలిపి ఇస్తాను. రోజుకూలీలో చెప్పుకోదగ్గ భాగం అక్కడే నా గల్లాలో పడుతుంది. అది వాళ్లిచ్చేది పిల్ల చదువు కోసమని. పిల్ల చేసేదల్లా అతికించడం. ఒకే రకం సూర్యకుటుంబం నా దుకాణం నుంచి ఒక్క రాత్రి 17 వెళ్లిన రోజుంది. టీచరు 17 చూసి 17కూ మార్కులు వేశారు, పాపం ఏం చేస్తారు.

మొదటి ఎఫ్‌ఏకి మా పాపవి నేనే చేశాను. దుకాణం మనదే కదా, అందరికంటే బాగుండాలని పట్టుదల. పూర్తి మార్కులు వచ్చాయి. ఆ ఆదివారం ఇంటికొచ్చిన చుట్టాల ముందు "చెప్పమ్మా, అందులో ఏముందో" అన్నాను. చెప్పలేకపోయింది.

రెండో ఎఫ్‌ఏకి లెక్కల సారు ఒక మంచి పని చేశారు. "బొమ్మలొద్దు, మీ ఇంట్లో వారం రోజులు ఏదో ఒకటి లెక్కపెట్టి కమ్మీ రేఖాచిత్రం, అదే బార్ గ్రాఫ్, గీయండి" అన్నారు. ఒకడు గేదె ఇచ్చిన పాలు లెక్కపెట్టాడు. ఒక అమ్మాయి కరెంటు మీటరు రీడింగు రాసింది. మా పాప కౌంటరు పక్కన స్టూలు వేసుకుని రోజూ ఎన్ని జిరాక్సులు తీశానో రాసింది. పైసా ఖర్చు లేదు. చివరికి తేలిందేమిటంటే వారంలో గిరాకీ అన్నిటికంటే తక్కువ గురువారం. పద్నాలుగేళ్ల వ్యాపారంలో నాకు తెలియని సంగతి అది. ఇప్పుడు గురువారం మధ్యాహ్నం మూసి ఇంటికెళ్లి అన్నం తింటున్నాను.

ఇంతవరకు మా ఇంటి కథ. మాకు దుకాణం ఉంది, కంప్యూటరు ఉంది, బడి ఎదురుగా ఉన్నాం. అవేవీ లేనివాళ్ల సంగతి ఆగస్టులో తెలిసింది. ఒక మిల్లు హమాలీ భార్య వచ్చింది. "అన్నా, మీ పాప నోట్సు ఒకసారి ఇస్తవా, జిరాక్సు తీసుకుంట" అంది. కొడుకుకు జ్వరం వచ్చి 9 రోజులు బడి పోయింది. తిరిగి వెళ్తే ఆరుగురూ "నోట్సు కంప్లీట్ చేసుకునిరా" అన్నారట. ఒక్కొక్కరిది తక్కువే, ఆరుగురివి కలిస్తే 46 పేజీలు. పేజీకి రెండు రూపాయలు, 92. నేను 40 తీసుకున్నాను. అది కూడా తీసుకోకుండా ఉండాల్సింది, ఆ సమయానికి తోచలేదు. రెండు రోజులకు మళ్లీ వచ్చింది. "రాయలేకపోతుండన్నా. బడికని పోయి కాలువ గట్టు మీద కూసుంటుండు." సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన రోజులవి, నిండుగా పారుతోంది. నాకు మామిడితోపు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. నాకైతే తోపు దొరికింది, వాడికి కాలువ దొరికింది.

నేను వెళ్లి వాళ్ల హిందీ మేడంతో చెప్పాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి "పాతవి వదిలేయమనండి. రేపటి నుంచి రాస్తే చాలు. మిగతా సార్లకు నేను చెప్తాను" అన్నారు. చెప్పారు కూడా. వాడు మర్నాడు వచ్చాడు. 9 రోజుల నోట్సు లేకపోతే వాడికి ఏం నష్టం వచ్చిందో నాకైతే కనపడలేదు. చదువు భయం, ఆందోళన లేకుండా సాగాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్లో ఉంది. ఆమె ఆ మాట ఎత్తలేదు, ఆ పని చేశారు.

టీచర్ల మీద ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వాళ్లు తెచ్చే ఫార్మాట్లు, ప్రొఫార్మాలు రోజూ చూస్తున్నాను. ఒకే లెక్కను ఒకసారి ఈ గడిలో, ఇంకోసారి ఆ గడిలో నింపి పంపడానికే వాళ్లకు సగం పొద్దు పోతుంది. తల్లిదండ్రుల సమావేశమూ పెడతారు, కాదనను. కానీ పగలు పదకొండింటికి పెడితే ఎవరొస్తారు? నాట్ల కాలంలో ఒక పూట పని మానితే కూలీ పోయినట్టే. వచ్చిన పది మందికీ హాజరు గురించి, శుభ్రత గురించి చెప్పి సంతకాలు పెట్టించుకుంటారు. మా ఆవిడ మహిళా సంఘంలో ఉంది. 2024లో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో సంఘం ఆడవాళ్లే ఉన్నారు, మరుగుదొడ్లు, నల్లాలు, ఫ్యాన్లు దగ్గరుండి చూశారు. ఒక సమావేశంలో మా ఆవిడ "హోంవర్కు గురించి కూడా మాట్లాడొచ్చా?" అని అడిగితే అందరూ ఆమె వైపు వింతగా చూశారట.

మా మరదలు జగ్గయ్యపేటలో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ బడుల్లోనూ ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ముగ్గులు, ఆటలు, భోజనాలు, పెళ్లికి వెళ్లినట్టే వెళ్లొచ్చింది. టీచరు ఎదురుగా కూర్చోబెట్టుకుని పిల్లాడి గురించి మాట్లాడారని మురిసిపోయింది. మంచిదే, కానీ డిసెంబరంటే సగం ఏడాది గడిచిపోయింది. 2025లో జూలై 10న పెట్టారట, అది నయం. ఆరో తరగతికైతే నన్నడిగితే జూన్‌లో, బడి తెరిచిన రెండో వారంలో, సాయంత్రం ఏడింటికి పెట్టాలి. ఫోటోలు అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. ఆరుగురు టీచర్లూ నిలబడి "నేను ఫలానా, నా సబ్జెక్టుకు ఇన్ని నోట్సులు కావాలి, ఈ రోజుల్లో హోంవర్కు ఇస్తాను" అని చెప్తే అరగంటలో అయిపోతుంది.

దసరా సెలవుల తర్వాత పాప క్లాస్ టీచరు, అంటే సైన్సు మేడం, జిరాక్సుకు వచ్చినప్పుడు నా బిల్లు బుక్కు లెక్క చూపించాను. తప్పు పట్టుకుంటారేమోనని భయపడ్డాను. ఆమె ఫోటో తీసుకుని వెళ్లారు. రెండు రోజులకు ఒక కాగితం రాసిచ్చి "50 కాపీలు తీయండి" అన్నారు. నేను డబ్బులు తీసుకోలేదు. ఒకటే పేజీ, తెలుగులో. పైన టైంటేబులు. కింద ఏ రోజు ఏ రెండు సబ్జెక్టుల హోంవర్కో రాసుంది. సోమవారం లెక్కలు, తెలుగు. మంగళవారం హిందీ, సైన్సు. బుధవారం ఇంగ్లిష్, సోషల్. మళ్లీ అదే వరస. దాని కింద నాలుగు వాక్యాలు. గంట దాటితే ఆపించి, పిల్లల నోట్సులో టైము వేసి సంతకం పెట్టండి, మేం ఏమీ అనం. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేసినా చాలు. బడి పోయిన రోజుల నోట్సు రాయనక్కర్లేదు, పాఠం ఎవరినైనా అడిగి తెలుసుకుంటే చాలు. పుస్తకంలో తెలుగు పేజీ మీ కోసం కూడా.

అంతా సవ్యంగా జరిగిపోతోందని చెప్పను. ఆరుగురిలో నలుగురు ఆ వరస పాటిస్తున్నారు. ఒకరు మరిచిపోతుంటారు, ఇంకొకరికి అసలు ఇష్టం లేదు. "హైస్కూలన్నాక ఆమాత్రం రాయాలి, లేకపోతే పదిలో ఏం రాస్తారు?" అంటారాయన. ఆ మాటలోనూ కొంత నిజం ఉంది. పిల్లలకు ఒక చోట కూర్చునే అలవాటు రావాల్సిందే. మా పాప ఇప్పుడు ఆరున్నరకు తనంతట తనే చాప వేసుకుంటుంది, ఏడున్నర కాగానే గడియారం చూపిస్తుంది. ఒక్కోసారి పదిహేను నిమిషాలు ఎక్కువైనా అదే పూర్తి చేస్తుంది. ఎక్కడ ఆగుతుందో తెలిస్తే ఎంతసేపైనా కూర్చుంటారేమో పిల్లలు. ప్రైవేటు బడికి వెళ్లే మా అన్న కొడుక్కి రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో హోంవర్కు వస్తుంది. ఫోను తండ్రితో దుకాణంలో ఉంటుంది, పిల్లాడు ఇంట్లో ఉంటాడు. వాళ్లకు ఫీజూ ఉంది, ఈ బాధా ఉంది.

ఆ కాగితం తయారు చేయడానికి ప్రభుత్వ ఉత్తర్వు ఏమీ అక్కర్లేదు. స్టాఫ్‌రూములో ఒక చార్టు, ఇంటికి ఒక పేజీ. చార్టు పది రూపాయలు. మీరు మీ జిల్లా పేజీలో పదో తరగతికి ఇచ్చే చోటులో జూన్ మొదటి వారం ఒక్కరోజు ఆరో తరగతికి ఇచ్చి, బళ్లు ఇలాంటి కాగితం ఇంటికి పంపాలని రాయండి. మా మండలంలో ఏ బడి పంపించినా ఆరో తరగతి కాగితం వరకు నేను ఉచితంగా తీసిస్తాను. మిల్లుల ఊళ్లలో, కాలువ కింద నాట్లు వేసే ఊళ్లలో నాలాంటి జిరాక్సువాళ్లు చాలామంది ఉన్నారు, అడిగితే కాదనరు.

పాప అదే బడిలో చదువుతోంది కాబట్టి నా పేరు, ఊరు వేయొద్దని మనవి.

డిసెంబరులో ఎఫ్‌ఏ-3 ఉంది. ఈసారి థర్మాకోల్ షీట్లు సగమే తెప్పించాను.

ఇట్లు,
ఒక జిరాక్సు దుకాణదారు,
నల్గొండ జిల్లా